మన యింటి కాసులపేరు

ఇంటి పెద్దముత్తైదువ గతించి, పెట్టె తెఱచి, నగలు పంచుకొనవలసిన దినమున గోదావరీ మండలములయందలి కుటుంబములలో తఱచుగా నొక ప్రశ్న పుట్టుచున్నది. అమ్మ మెడలోని కాసులపేరు నేమి చేయవలెను? కరగించి క్రొత్తరీతి నగ చేయింపుమని యొక కూతురు, అమ్మి రొక్కము పంచుమని యొక కుమారుడు, అట్లే యుంచుమని మఱియొకరు. ఎవరెట్లు వాదించినను, ఆ ప్రశ్న తుదకు వచ్చి నిలుచునది మన విశ్వబ్రాహ్మణుల కుంపటి ముందఱనే. కావున దీని పూర్వచరిత్రను మన సంఘసభ్యులకును, పోషకులకును విన్నవింపదలచితిమి.

నాణెమును మెడను దాల్చుట నిన్న మొన్నటి వేడుక కాదు. ఋగ్వేదమున నిష్కమనగా కంఠాభరణము. దానిని దాల్చినవాడు నిష్కగ్రీవుడు. పాణిని నాటికి నిష్కము వస్తువులకు వెలగట్టు మానమైనది. అమరసింహు డా యొక్క పదమునకే ఉరోభూషణమనియు, దీనారమనియు నర్థములు చెప్పియున్నాడు. అనగా మన దేశమున నగ నాణెమయ్యెను, నాణెము మరల నగయయ్యెను. ఈ రెంటి నడుమ నుండినది స్వర్ణకారుని చేయి.

మన రాజమహేంద్రవరమునే చూతము. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడును, అతనికి ముందు శక్తివర్మయు వెలయించిన బంగారు నాణెములు పలుచనివి, వెడల్పైనవి. నడుమ వరాహ లాంఛనము, చుట్టును విడివిడి ముద్రలతో నొత్తిన యక్షరములు. శక్తివర్మ నాణెములపై చాళుక్యచంద్రుడను బిరుదము కలదు. ఇట్టి నాణెములు కొన్ని సముద్రమున కావల, అరకాను తీరమునందలి చెదూబా ద్వీపమున దొరకినవి. వానిని ముద్రించిన గడ్డపై నెన్ని మన మూసలలో కరగి వంకీలును, వడ్డాణములును అయినవో లెక్క చెప్పగలవా రెవరు? ఆ రాజు పట్టాభిషేకమునకు తొమ్మిదివందలేండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసి, శాసనములతోపాటు నాణెములును చరిత్రకు సాక్ష్యములని మనకు నేర్పినది.

పిమ్మట విజయనగరపు వరహాలు, కుంపిణీవారి పగోడాలు వచ్చినవి. 1818లో చెన్నపురి రాజధానియందు రూపాయి ప్రధాన నాణెమై, పగోడాకు మూడున్నర రూపాయల చొప్పున మారకము నిర్ణయింపబడెను. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టతో డెల్టాభూములు పండినవి; ధాన్యపు రొక్కము క్రమముగా బంగారమున చేరినది. 1899లో ఆంగ్లసవరనునకు 15 రూపాయల విలువను శాసనముచే స్థిరపఱచిరి. 1918లో బొంబాయియందే సవరనులు ముద్రింపబడెను. గుఱ్ఱము పాదముల క్రింద, సంవత్సరాంకమునకు పైని సన్నని ‘ఐ’ అను నాంగ్లాక్షరము గలవి యవియే. సవరను తూకము 7.988 గ్రాములు. నేటికిని మనవారు కాసనిన ఎనిమిది గ్రాములని చెప్పుకొనుట దాని చలవయే.

ఈ సవరనులకు చెవులు టంకము పెట్టి పేరు గ్రుచ్చించుకొనుటలో గృహిణుల వివేకము గొప్పది. కాసు వన్నె ఇరువదిరెండు, అందఱెఱిగినదే. గీటురాయితో పని లేదు. మన కులముపై లోకమున నొక యపవాదపు సామెత కలదు, దాని నిచట చెప్పనక్కఱలేదు. ఆ యపవాదమునకు తావీయని నగ యిది. కష్టము వచ్చినచో నొక్క కాసు తీసి యమ్మవచ్చును, మిగిలిన పేరు చెడదు. మితాక్షర ననుసరించి తల్లి స్త్రీధనము కూతుండ్రకు చెందుచుండెను. 1956 నాటి వారసత్వ చట్టముచే, వీలునామా లేనిచో, కొడుకులకును, కూతుండ్రకును, భర్తకును సమముగా చెందును. ఏ ధర్మమైనను, దారము త్రెంచి కాసులు లెక్కించిన చాలును, పంపకము ముగియును. కరగించినచో తరుగు, మజూరి, అనుమానము మూడును చేరును.

పేర్లు కరగిన కాలములు లేకపోలేదు. 1931లో ఇంగ్లండు స్వర్ణప్రమాణమును విడిచినది. బంగారము వెల పెరిగినది, ధాన్యము వెల పడిపోయియున్నది. శిస్తు చెల్లింపలేని రైతుల యిండ్లనుండి వెడలిన నగలు బొంబాయి రేవున ఓడలెక్కినవి. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణనియంత్రణము మన కులమునకు పిడుగుపాటు. పదునాలుగు వన్నెకు మించిన నగ చేయరాదనిరి, కుంపట్లు చల్లారినవి, వృత్తి విడిచినవారును, ప్రాణములు విడిచినవారును కలరు. 1966లో ఆ నిబంధన సడలినది, 1990లో నియంత్రణచట్టమే రద్దయినది. కాని విడిచిన పనిముట్లను మరల పట్టినవారు కొలదిమంది.

ఇక మన కర్తవ్యము. పేరు మన చేతికి వచ్చినప్పుడు మూస వెదకుటకు ముందు కాసును చదువవలెను. రేకుపై లక్ష్మీబొమ్మ అచ్చొత్తిన కాసులైనచో నవి నాణెములు కావు. యజమానురాలి యిచ్చవచ్చినట్లు చేయవచ్చును. రాణిబొమ్మ, రాజుబొమ్మ కాసులైనచో పంచి, ఎవరి వంతు వారికి క్రొత్త దారమున గ్రుచ్చి యిండు. గ్రుచ్చిన మజూరి న్యాయముగా పుచ్చుకొనుడు. కరగించిన లాభము పోవునని మనలో కొందఱు గొణగుదురు. మా కది సరిపడదు. వరహాగాని, దానికి పూర్వపు ముద్రగాని కనబడినచో చెవి నూడదీయుటకు నిప్పు చూపకుడు, మెఱుగు పెట్టకుడు. రాజమహేంద్రవరమున రాళ్లబండి సుబ్బారావుగారి పేర నున్న పురావస్తుశాలలో తెలిసినవారికి చూపుడని చెప్పుడు.

కూతుండ్రు అమెరికాలో నున్నవారికి వేఱొక మాట. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. కేంద్రప్రభుత్వమో, దానిచే నధికారము పొందిన సంస్థయో తప్ప నితరులు దానిని దేశము దాటింపరాదు. 1918 నాటి సవరనును నూరేండ్లు దాటినదే. ప్రయాణమునకు ముందే విచారించుట మేలు.

ఏ విధముగ పంచినను, కాసులెన్ని, ఒక్కొక్క దానిపై సంవత్సరమేది, బొమ్మ యెవరిది, తూకమెంత, ఎవరి మెడనుండి ఎవరికి వచ్చినది యను వివరము లొక చీటిపై వ్రాసి నగతోడనే పెట్టెలో నుంచుడు. వ్రాయుట రాని యజమానురాలికి మన స్వర్ణకారుడే వ్రాసి యీయవలెను.