దత్తత – నాఁడును నేఁడును



సంతానము లేని యింటివారు బిడ్డకొఱకు ఎవరి గుమ్మము త్రొక్కిరో, వారికి దొరకిన సాయము ధర్మశాస్త్రములచేతను న్యాయస్థానములచేతను ఎట్లు మాఱుచు వచ్చెనో నేఁడు కొంత విన్నవింతును.

మొదట నొక చిత్రము. ఆంధ్రుల పేరు మన ప్రాచీన వాఙ్మయమునఁ దొలుత వినవచ్చునది యే రాజవిజయ ప్రశంసలోనో కాదు, ఒక దత్తత తగవులో. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానము కలదు. పుత్రహీనుఁడగు హరిశ్చంద్రుఁడు వరుణుని వేఁడి కొడుకును బడసి, వానినే బలి యిచ్చెదనని మాట యిచ్చెను. ఆ కొడుకు రోహితుఁడు అడవులఁ దిరిగి, తనకు మాఱుగా అజీగర్తుఁడను పేద బ్రాహ్మణుని కొడుకును నూఱు గోవులకుఁ గొనెను. పెద్దవానిని తండ్రి విడువఁడయ్యె. చిన్నవానిని తల్లి విడువదయ్యె. నడిమివాఁడు శునశ్శేపుఁడు అమ్ముడువోయెను. యూపమునకుఁ గట్టుటకు మఱి నూఱు, వధించుటకు మఱి నూఱు గోవులను ఆ తండ్రియే పుచ్చుకొనెను. దేవతానుగ్రహముచే బ్రదికిన బాలుఁడు, కన్నతండ్రి తిరిగి రమ్మన్నను ఒల్లక విశ్వామిత్రుని యొడిఁ జేరెను. విశ్వామిత్రుఁడు వానిని జ్యేష్ఠపుత్రునిగాఁ జేసికొనఁగా, ఆయన నూటొక్క కొడుకులలో పెద్దవారేఁబండ్రు ఒప్పుకొనలేదు. వారి సంతతి దేశపుటంచుల కేఁగునట్లు శాపము పొందెననియు, ఆంధ్ర పుండ్ర శబర పుళింద మూతిబులు వారేయనియుఁ గథ. శాపము మాట యటుండనిండు. బిడ్డను వెలకుఁ దెగనమ్మిన తండ్రికి ఆ గ్రంథమున మన్నన లేదనుట గమనింపఁదగినది.

మనువు పండ్రెండు విధములగు పుత్రులను బేర్కొనెను. అర్వాచీన నిబంధకారులు కలియుగమునకు ఔరసుని, దత్తుని మాత్రమే నిలిపిరి. దత్తవిధిని వసిష్ఠుఁడు చెప్పినాఁడు: బంధువులను బిలిచి, రాజునకుఁ దెలిపి, ఇంటి నడుమ హోమము చేసి బిడ్డను గైకొనవలెను. ఆయనయే రెండు నిషేధములను జెప్పెను. ఒక్కఁడే కొడుకైనచో వానిని ఈయరాదు, కొనరాదు. ఏలయన, వాఁడు పూర్వుల వంశమును నిలుపవలసినవాఁడు. భర్త యనుమతి లేక స్త్రీ కొడుకును ఈయరాదు, కొనరాదు. ఈ రెండు వాక్యములనుబట్టి న్యాయస్థానములకెక్కిన వ్యాజ్యెములు, కరిగిపోయిన మాన్యములు ఇన్నన్ని కావు.

రెండవ నిషేధమునకు దేశమునకొక యర్థము పుట్టినది. భర్త బ్రదికియుండఁగా అనుమతి యిచ్చియుండవలెనని వంగదేశమువారు. వితంతువునకు ఆ యధికారమే లేదని మిథిలవారు. అనుమతి లేకున్నను చెల్లునని మహారాష్ట్రులు. మన దక్షిణదేశపు సంగతి రామనాథపురపు వ్యాజ్యెమున తేలినది. 1868లో లండనులోని ప్రీవీ కౌన్సిలువారు, భర్త యనుమతి లేకున్నను సపిండుల సమ్మతిచే వితంతువు దత్తత చేసికొనవచ్చునని తీర్పు చెప్పిరి. వినుటకు బాగుగనే యున్నది. కాని దత్తత జరుగకున్న ఆస్తి యెవరికిఁ జేరును? ఆ సపిండులకే. ఎలుకకు పిల్లి సాక్ష్యమన్నట్లు, ఎవరి కాస్తి తప్పిపోవునో వారి గుమ్మమునకే ఆ యిల్లాలు సమ్మతికై తిరుగవలసివచ్చెను.

మొదటి నిషేధము మన తెలుగువారి వ్యాజ్యెముచేతనే తేలినది. బలుసు గురులింగస్వామి, బలుసు రామలక్ష్మమ్మగార్ల దావా మదరాసు హైకోర్టునుండి ప్రీవీ కౌన్సిలునకు వెళ్లినది. అలహాబాదునుండి వచ్చిన మఱియొక దావాతోఁ గలిపి 1899లో హాబ్‌హౌస్ ప్రభువు తీర్పు చదివెను. ఏకపుత్రుని దత్తతయైనను చెల్లుననిరి. ఇందు మీమాంసాశాస్త్రము ప్రవేశించుట నాబోఁటివానికి ముచ్చట. కారణము చెప్పి కూర్చిన వాక్యము విధి కాదు, అర్థవాదమని జైమిని న్యాయము. వసిష్ఠుఁడు “వంశము నిలుపవలసినవాఁడు” అని కారణము చెప్పెను గదా! కావున అది హితవచనమే కాని చట్టము కాదని వాదము. జైమిని సూత్రము సముద్రము దాఁటి థేమ్సునదీ తీరమున విచారణకు వచ్చుట సామాన్యమా! ఐనను, తీర్పు న్యాయమే కావచ్చును గాని, ఉన్న యొక్క బిడ్డను ఒడినుండి దించి యిచ్చిన తల్లి మాట ఆ కాగితములలో ఎక్కడ నుండును?

నేను బడిపంతులుగా నుండఁగా, దత్తు వెళ్లిన పిల్లవాఁడొకఁడు నా తరగతిలోఁ జేరెను. తండ్రి పేరు చెప్పుమనఁగా వాఁడు కన్నతండ్రి పేరు చెప్పి, నాలుక కఱచుకొని, పెంచినతండ్రి పేరు చెప్పెను. నేను రెండవ పేరు వ్రాసితిని. మొదటి పేరు వ్రాయుటకు రిజిస్టరులో గడి లేదు.

1956లో వచ్చిన హిందూ దత్తత, పోషణ చట్టము పెక్కు ముళ్లను విప్పినది. ఆఁడుబిడ్డనుగూడ దత్తత చేసికొనవచ్చును. వితంతువునకు, అవివాహితకు సపిండుల గుమ్మముతోఁ బనిలేదు. భార్య యున్నచో ఆమె సమ్మతి లేక భర్త దత్తత చేసికొనరాదు. పెండ్లియైన స్త్రీకి, భర్త సమ్మతితో, తానే దత్తత చేసికొను హక్కు మాత్రము 2010వఱకు రాలేదు. దత్తహోమము తప్పనిసరి కాదు. బిడ్డను చేతికిచ్చి పుచ్చుకొనుట తప్పనిసరి. సొమ్మిచ్చి పుచ్చుకొనుట నేరము, దానికి శిక్ష కలదు. అజీగర్తునికి ఇన్నాళ్లకు జవాబు దొరకినది. దస్తావేజు రిజిస్టరు చేయించుకొన్నచో తగవునాఁడు అది గట్టి సాక్ష్యము.

ఇంతలో వైద్యులును ఈ త్రోవకు వచ్చిరి. దేహము వెలుపల పిండమును గూర్చు పద్ధతిచే 1978 జూలైలో ఇంగ్లండున నొక శిశువు పుట్టెను. రెండు నెలలు దాఁటిన పిమ్మట, అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ యత్నముచే మఱియొక యాఁడుశిశువు పుట్టెను. సభ కూర్చి విచారించిన పెద్దలు ఆయనను నమ్మలేదు. ఆయన 1981లో ప్రాణములు తీసికొనెను. చెప్పినది నిజమని లోకము తరువాతఁ దెలిసికొన్నది. ఇట్టి వైద్యశాలలు రిజిస్టరు చేయించుకొనవలెననియు, గర్భమును వెలకుఁ గుదిర్చికొనరాదనియు 2021లో చట్టములు వచ్చినవి. కావున ఊరికి వచ్చు దళారి మాట వినుటకు ముందు ఆ వైద్యశాల రిజిస్ట్రేషను పత్రమును అడిగి చూడుఁడు.

తలిదండ్రులు లేని బిడ్డలను గైకొనఁగోరువారికి జిల్లా బాలల సంరక్షణాధికారి కార్యాలయము త్రోవ చూపును. ప్రభుత్వము గుర్తించిన దత్తత సంస్థలద్వారా పని జరుగును. తుది యుత్తరువు మునుపు న్యాయస్థానము ఇచ్చుచుండెను. 2022 సెప్టెంబరునుండి జిల్లా కలెక్టరు ఇచ్చుచున్నాఁడు. రాజునకుఁ దెలిపి బిడ్డను గైకొనుమని వసిష్ఠుఁడు చెప్పినది ఇదియే కాఁబోలు.