ఆరో నంబరు మస్టాంగ్‌కి మూడో పెడల్

1965 ఫోర్డ్ మస్టాంగ్ డ్రైవరు తలుపు తెరిస్తే, దాని వెనక అంచున చిన్న రేకు బిళ్ల కనిపిస్తుంది. రంగు, సీటు గుడ్డ, ఇరుసు, అన్నీ దాని మీద కోడ్‌లే. గేర్‌బాక్స్ దగ్గర 5 ఉంటే నాలుగు గేర్ల మాన్యువల్, 6 ఉంటే సీ4 ఆటోమేటిక్. ఆ 6తో పుట్టిన బండిని 5లా నడపాలనే సరదా అమెరికా షెడ్లలో ఓ పనితనంగా స్థిరపడింది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, 1964 ఏప్రిల్ 17న ఈ కారు జనం ముందుకొచ్చినప్పుడు 2,368 డాలర్ల మూల ధరకి ఇచ్చింది మూడు గేర్ల మాన్యువలే. ఆటోమేటిక్ కావాలంటే పైన డబ్బు కట్టాలి. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ పెట్టినప్పటి నుంచీ అక్కడ ఎడమ కాలికి సెలవివ్వడం దర్జాగా ఉండేది. తాత అదనంగా కట్టి తెచ్చుకున్నదాన్ని మనవడు ఎదురు డబ్బిచ్చి పీకిస్తున్నాడన్నమాట. అంబాసిడర్ స్టీరింగ్ పక్కన గేరు కడ్డీతో కుస్తీ పట్టిన మన పెద్దలకి ఈ ముచ్చట ఎక్కడం కష్టమే.

ఆటోమేటిక్‌కీ మాన్యువల్‌కీ ఫోర్డ్ వాడింది ఒకే బాడీ, అవే ఇంజన్లు. అందుకే తుక్కు యార్డులో మాన్యువల్ మస్టాంగ్ దొరికితే చాలు, కావలసిన సామానంతా దాన్నుంచే విప్పుకోవచ్చు. అందరి కన్నూ 'టాప్‌లోడర్' మీద. పైమూత తీసి లోపలి పళ్లచక్రాలు బిగిస్తారు కాబట్టి ఆ నాలుగు గేర్ల పెట్టెకి ఆ పేరు. చిక్కల్లా బోల్టుల దగ్గర. 1964 ఆగస్టు ప్రాంతం దాకా వచ్చిన వీ8 ఇంజన్‌కి బెల్ హౌసింగ్ ఐదు బోల్టులతో బిగుస్తుంది, ఆ తర్వాతి వాటికి ఆరు. చూసుకోకుండా కొన్నవాడు రెండోసారి యార్డుకి వెళ్లాల్సిందే.

గేర్‌బాక్స్ కన్నా పెడళ్లే ఎక్కువ ఏడిపిస్తాయి. ఆటోమేటిక్ బ్రేకు పెడల్ అరచెయ్యంత వెడల్పు. దాన్ని తీసేసి, డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకుని, ఒకే ఇరుసుకి వేలాడే క్లచ్, బ్రేకు జంటని బిగించాలి. ఆ ఇరుసు బుష్‌లు అరిగి ఉంటే కొత్త క్లచ్ వేసినా పెడల్ లొడలొడలాడుతుంది. ఇంజన్ వెనక పల్చటి ఫ్లెక్స్‌ప్లేటు పోయి బరువైన ఫ్లైవీల్ రావాలి. క్రాంక్ చివర పైలట్ బేరింగ్ కూర్చోవాలి. 289 వీ8 ఇంజన్‌కి 28 ఔన్సుల అసమతూకం ఉన్న ఫ్లైవీల్ కావాలి. 1980ల 302 ఇంజన్‌ది 50 ఔన్సులు. పొరపాటున అది తగిలిస్తే బండంతా వణుకుతుంది.

1983లో కొత్త మస్టాంగ్‌లకి ఐదు గేర్ల టీ-5 వచ్చాక దారి మారింది. టాప్‌లోడర్ నాలుగో గేరులో ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. టీ-5 అయిదో గేరు ఓవర్‌డ్రైవ్ కాబట్టి హైవే మీద ఇంజన్ గోల తగ్గుతుంది. అసలు రూపం కావాలనేవాళ్లు టాప్‌లోడర్‌నే పట్టుకున్నారు. దూరాలు తిరిగేవాళ్లు టీ-5 వైపు వెళ్లారు. నన్నడిగితే రెండోదే.

అన్నీ బిగించి తాళం తిప్పితే చాలాసార్లు చప్పుడే ఉండదు. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్టర్‌కి కరెంటు పోనివ్వని స్విచ్ ఒకటి పాత సంసారంలోది. దాని తీగలు రెండూ కలిపితే ఇంజన్ అందుకుంటుంది. ఇక ఆ కాపలా లేదు కాబట్టి, మరిచిపోయి గేరులో ఉంచి తాళం తిప్పితే బండి ముందుకి గెంతుతుంది. తలుపు అంచు బిళ్ల మీద మాత్రం ఇంకా 6 అనే ఉంటుంది.