వేలిముద్ర వేసినవాళ్ళు కట్టిన బడులు



ఈ వారం మనం కొంచెం దూరం పోదాం. పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ అనే చిన్న దీవుల దేశం ఉంది. వలస సంగతి మన పాలమూరు వాళ్ళకు ఒకరు విడమరిచి చెప్పే పనిలేదు. గుంపు మేస్త్రీ ఎవరు, అడ్వాన్సు అంటే ఏమిటి అని మన ఇండ్లలో ముసలివాళ్ళను అడిగితే చాలు. ఫిజీలో ఉన్న తెలుగువారి కథ కూడా అక్కడే మొదలవుతుంది.

ఫిజీ చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను ఓడల్లో తీసుకుపోవడం 1879లో మొదలైంది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు పోయాయి. 1916లో ఆగేలోపు 60 వేల మందికి పైగా వెళ్ళారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారున్నారు. ఒప్పందం 5 ఏండ్లకు. కూలి మగవానికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. అగ్రిమెంట్ అన్న మాట వాళ్ళ నోట గిర్మిట్ అయ్యింది.

చాలామంది ఆ కాగితం చదవలేకనే వేలిముద్ర వేశారు. అందులో ఏముందో ఓడ దిగినాక ఒంటికి తెలిసింది. తెల్లవారకముందే తల్లి తోటకు పోతే, పిల్లలు కూలీల వరుస గదుల దగ్గర మిగిలిపోయేవారు. చెరకు నరికే చేతికి పలక ఎందుకన్నది దొరల లెక్క.

1897లో హన్నా డడ్లీ అనే మెథడిస్టు మిషనరీ ఆస్ట్రేలియా నుంచి సువా పట్టణానికి వచ్చింది. కూలీల పిల్లలకు చదువు చెప్పింది, అనాథలను తెచ్చి పెంచింది. ఆమె పేరున సువాలో ఇప్పటికీ బడి ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూలు మిషను బోర్డింగుల్లో చదువుకున్న మన పెద్దలకు ఇది తెలిసిన కథలాగే ఉంటుంది. కానీ నిజం నిజంగా చెప్పుకోవాలి. అక్కడి బడుల్లో ఎక్కువ భాగం మిషనరీలు కట్టినవి కావు, కూలీలు కట్టుకున్నవి.

1920 జనవరి 1న గిర్మిట్ రద్దయింది. ఆరేండ్లకే, 1926లో, నాడి పట్టణంలో (వాళ్ళు దాన్ని నాండి అని పలుకుతారు) దక్షిణాది వాళ్ళంతా కలిసి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం పెట్టుకున్నారు. ముందు నిలిచిన సాధు కుప్పుస్వామి తాను కూడా గిర్మిట్ మీద వచ్చినవాడే. వాళ్ళ విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా చెరకు డబ్బులో నుంచి తీసి బడి కట్టిన ఆ పట్టుదల ముందు మనం తల వంచాల్సిందే. ఊరివాళ్ళే స్థలం చూసి, కట్టె, రేకు మోసి బడి లేపేవారు. ఫిజీలో ఈనాటికీ వందలో తొంభైకి పైగా బడులు ప్రభుత్వానివి కావు. ఊరి కమిటీలవి, సంఘాలవి, చర్చీలవి. పంతుళ్ళ జీతం మాత్రం ప్రభుత్వం ఇస్తుంది.

ఇక భాష సంగతి. సంగంలో తమిళానిదే పైచేయి అయ్యిందని తెలుగువాళ్ళు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకుని, తమ బడులు నడిపారు. కానీ తోటల్లో అప్పటికే అందరి మాట హిందీ అయిపోయింది. మనవల కాలానికి తెలుగు పాటల్లో, ఇంటిపేర్లలో మిగిలింది. బడి దక్కింది, మాట జారిపోయింది. ఎవరినీ తప్పు పట్టలేం. సముద్రం అవతల, చుట్టూ వేరే మాటలవాళ్ళ మధ్య, వాళ్ళు చేయగలిగింది చేశారు.

మనకైతే సముద్రం అడ్డం లేదు. అయినా మన సండేస్కూల్లో ఆరో తరగతి పిల్లవానికి తెలుగు బైబిలు ఇచ్చి కీర్తన చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు. పక్కనే ఇంకో కుర్రవాడు రెండేండ్లుగా తల్లిదండ్రుల వెంట పనికి పోతూ ఏ బడి రిజిస్టరులోనూ నిలకడగా లేడు. ఫిజీ కథలోని రెండు నష్టాలూ మన ఒక్క చాప మీదే కూర్చున్నాయి.

పెద్దలతో మాట్లాడాం. దసరా తర్వాత పనులకు పోయే కుటుంబాలు పిల్లలను ఇక్కడే అవ్వతాతల దగ్గర వదిలిపోవాలనుకుంటే, సాయంత్రం 6 నుంచి 8 దాకా మందిరం తెరిచే ఉంటుంది. దీపం ఉంటుంది, పలకలుంటాయి, చెప్పడానికి మన డిగ్రీ పిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు. ఏ మతం ఇంటి పిల్లలైనా రావచ్చు. పేర్లు ఆదివారం ఆరాధన అయినాక ఇవ్వండి.