నాయుడు, కొఠారి కనకయ్య (1895–1967)

భారత టెస్టు క్రికెట్ జట్టునకు ప్రథమ నాయకుడు, హోల్కరు సంస్థాన సేనలో కర్నలు, సి.కె. నాయుడు అను పేర ప్రసిద్ధుడు. 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున, అచట స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించెను. 1923లో హోల్కరు మహారాజు ఆహ్వానముపై ఇండోరు చేరి, సంస్థాన సేనలో పదవిని స్వీకరించి, కొలువునందలి క్రమశిక్షణనే క్రీడయందును పాటించెను.

1926లో బొంబాయి జింఖానా మైదానమున, ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఏతెంచిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపుననే 11 సిక్సరులతో 153 పరుగులు సాధించి, భారతదేశము టెస్టు హోదాకు అర్హమని విదేశీయులకు విశదపరచెను. 1932 జూన్ 25న లార్డ్స్‌లో ఆరంభమైన భారతదేశపు తొలి టెస్టున, ఫీల్డింగు చేయుచుండగా చేతికి గాయమైనను, ప్రథమ ఇన్నింగ్సులో జట్టునందెల్లరికంటె అధికముగా 40 పరుగులొనర్చెను. ఆడిన 7 టెస్టులలో 350 పరుగులు గడించి, నాల్గింట నాయకత్వము వహించెను. క్రికెట్ వార్షిక గ్రంథమగు విజ్డెన్ తన 1933 సంచికలో అతనిని ఆ వత్సరపు ఐదుగురు శ్రేష్ఠ క్రీడాకారులలో ఒకనిగా గౌరవించెను.

వయోభారమును లెక్కింపక, అరువదవ యేడు దాటిన పిమ్మటను రంజీ పోటీలలో పాల్గొనెను. ఆంధ్ర జట్టు పక్షమునను ఆడెను. 1956లో పద్మభూషణ్ బిరుదమందెను.

తమ్ముడు సి.ఎస్. నాయుడు 11 టెస్టులాడిన లెగ్‌స్పిన్నరు. కుమార్తె చంద్ర నాయుడు క్రికెట్ వ్యాఖ్యాత్రిగా కీర్తి గాంచి, తండ్రి స్మృతులను గ్రంథస్థమొనర్చెను. సి.కె. నాయుడు 1967 నవంబరు 14న ఇండోరులో పరమపదించెను. భారత క్రికెట్ నియంత్రణ మండలి యొసగు జీవన సాఫల్య పురస్కారము అతని పేరనే వెలసినది.