ఆంబోతు ప్రోటీనూ, భార్గవ గారూ, మా పక్కింటాయన కాలి పుండూ

సూరత్‌లో, పర్వత్ పాటియాలో, మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పక్కింటాయన మరమగ్గాల కార్మికుడు, మన తెలుగువాడే. షుగర్‌తో కాలికి పుండు పడింది. రెండు మూడు మందులకు లొంగని బాక్టీరియా అని పరీక్షలో తేలింది. ఈలోగా ఎవరో ఒక సీసా అంటగట్టారు. ఒంట్లోని సహజ రక్షణశక్తిని లేపుతుందట, ఇక మాత్రలక్కర్లేదట! ఈయన మాత్రలు మానేశాడు.

ఆ సహజశక్తి అబద్ధమా? కాదు. చిక్కంతా అక్కడే ఉంది. నేను రక్షణశాఖ లెక్కలు రాసి రిటైరైన బి.కాం. వాణ్ణి. చదివి తెలుసుకున్నంత చెబుతాను.

కన్నీటిలో, చీమిడిలో లైసోజైమ్ అనే ప్రోటీన్ ఉందని 1922లో ఫ్లెమింగ్ ప్రకటించాడు. (కన్నీళ్ళ కోసం కళ్ళలో నిమ్మరసం పిండించేవాడట!) అది బాక్టీరియా గోడను కోస్తుంది. కానీ రోగాలు తెచ్చేవాటిలో చాలావాటి మీద దాని పాచిక పారలేదు. కలరా క్రిమి, ఇ.కోలై లాంటివాటికి గోడపైన ఇంకో పొర ఉంటుంది. తల్లిపాలలో, కన్నీటిలో ఉండే లాక్టోఫెర్రిన్ ఆ పొరను వదులు చేస్తుందని, ఆ సందులోంచి లైసోజైమ్ గోడను అందుకుంటుందని 1991లో ఎలిసన్, గీల్ చూపించారు. విడివిడిగా అయితే రెండూ క్రిమి పెరుగుదలను ఆపుతాయంతే, కలిస్తే చంపుతాయి. రెండు సంతకాలు పడితేగాని చెల్లని చెక్కులాంటిదన్నమాట.

ఇక మన హైదరాబాదు. 1979లో సీసీఎంబీ నుంచి ఇ.ఎస్.పి.రెడ్డి, పి.ఎం.భార్గవ 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆంబోతు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఇ.కోలైని అణచివేస్తుందని చెప్పారు. (గోమూత్రం వారు సంబరపడనక్కర్లేదు.) అవును, 1981 శాస్త్రీయ దృక్పథ ప్రకటనలో పాలుపంచుకున్న, 2015లో పద్మభూషణ్ తిరిగిచ్చేసిన మన భార్గవ గారే! 1990లో సీతారాం, నాగరాజ్ ఆ ప్రోటీన్‌లోంచి 13 అమైనో ఆమ్లాల ముక్కను తయారుచేసి చూశారు. అది బాక్టీరియాను చంపింది, ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టింది. ఆ రెండో సంగతి దాచిపెట్టలేదు, వ్యాసం పేరులోనే పెట్టారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఇలాంటి పెప్టైడ్లు చాలావరకు ధనావేశంతో ఉంటాయి, ఋణావేశమున్న బాక్టీరియా పొరకు అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. మామూలు మందును విరగ్గొట్టే ఎంజైములు క్రిమి దగ్గరున్నా ఇక్కడ అంతగా అక్కరకు రావు. మరి మందుగా ఎందుకు రాలేదు? 1987లో జాస్లాఫ్ కప్పచర్మంలో మాగైనిన్లు కనుగొన్నాడు. వాటి నుంచి పెక్సిగనాన్ అనే పూతమందు చేశారు, సరిగ్గా షుగర్ పుండ్లకే! ఉన్న మాత్రకన్నా మెరుగని తేలలేదు, 1999లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతివ్వలేదు.

పక్కింటాయన సీసా మీద అందులో ఏముందో కూడా రాయలేదు. ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళేసరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు. సీసా మాత్రం ఇంకా గూట్లోనే ఉంది. డబ్బు పోసి కొన్నది కదా, పారేయడానికి మనసొప్పట్లేదంటాడు.