పై పోర్షన్‌కి ఆర్కిటెక్టా?

దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ ఎల్బీనగర్‌లో గానీ ఇంటి మీద ఒక పోర్షన్ వేస్తున్నవాళ్లని ఆర్కిటెక్ట్‌కి ఎంత ఇస్తున్నారని అడిగితే ఒక అంకె చెప్తారు. కాసేపు మాట్లాడితే అది ఆర్కిటెక్ట్‌కిచ్చే డబ్బు కాదని తెలుస్తుంది. ప్లాన్ గీసి, సంతకం పెట్టి, మునిసిపాలిటీలో ఫైలు దాటించే మనిషికి ఇచ్చేది. గది ఎక్కడ, మెట్లు ఎటు, కిటికీ ఎంత అన్నవి మేస్త్రీ, ఇంటాయన, వాస్తు తెలిసిన చుట్టం కలిసి టీ తాగుతూ తేల్చేస్తారు. డబ్బు సంతకానికి, ఆలోచన ఉచితం. ఇది మనవాళ్ల పిసినారితనం అని చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. ఫీజు చరిత్ర చూస్తే నాకలా అనిపించదు.

కట్టడం ఖర్చులో ఇంత శాతం ఆర్కిటెక్ట్‌కి అనే లెక్క మనకు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్ 1862లో ఫీజుల పట్టిక ప్రకటించినప్పుడు అందులో మామూలు రేటు 5 శాతం. బ్యాంకులు, చర్చీలు, దొరల భవంతులు కట్టే రోజుల్లో ఆ లెక్క నడిచింది. మన దగ్గరా అలాంటి పనులకే ఆర్కిటెక్ట్ వచ్చాడు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని తిరిగి దిద్దుతున్న కాలంలో హైకోర్టుకి విన్సెంట్ ఎష్ వచ్చాడు. ఆ తర్వాతి తరంలో రవీంద్రభారతికి మహమ్మద్ ఫయాజుద్దీన్ ఉన్నాడు. మామూలు ఇల్లు మాత్రం మేస్త్రీ చేతిలోనే ఉండిపోయింది.

ఆ 5 శాతాన్నే పై పోర్షన్‌కి వేసి చూద్దాం. పది కోట్ల భవనానికి 50 లక్షలు వస్తాయి. 12 లక్షల పోర్షన్‌కి 60 వేలు. ఆ 60 వేలకి ఆర్కిటెక్ట్ ముందు పాత ఇల్లంతా కొలవాలి, ఎందుకంటే పాత ప్లాన్ దొరకదు, దొరికినా ఇల్లు దానిలా ఉండదు. పునాది ఎంత లోతు, పిల్లర్లలో ఎంత సలాక పడింది, కింద బాత్రూం పైపు మీదికి పై బాత్రూం వస్తుందా, ఇవన్నీ చూడాలి. కింద జనం కాపురం ఉంటుండగానే పని నడిపించాలి. ఖాళీ స్థలంలో పెద్ద భవనానికి ఈ తలనొప్పుల్లో చాలావరకు ఉండవు. అందుకే ఈ ఫీజు ఇంటాయనకి ఎక్కువగా, ఆర్కిటెక్ట్‌కి తక్కువగా కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

1972లో మన పార్లమెంటు ఆర్కిటెక్ట్స్ చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ శాతాల పట్టిక ఒకటి పెట్టుకుంది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో గాలి ఎదురు తిరిగింది. ఫీజు దగ్గర పోటీ పడొద్దని సభ్యుల్ని కట్టడి చేయడం కుదరదని ప్రభుత్వం కోర్టుకి వెళ్తే, అక్కడి ఆర్కిటెక్ట్‌ల సంఘం ఒప్పుకుంది. బ్రిటన్‌లోనూ 1982 నాటికి పట్టిక తప్పనిసరి కాకుండా పోయింది. ఇక మన చట్టం కాపాడింది ఏమిటంటే 'ఆర్కిటెక్ట్' అన్న పేరుని. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. నమోదు లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు, ఆ పని చేయడానికి మాత్రం అడ్డులేదు. అంటే మన మేస్త్రీ టీ తాగుతూ చేసిన పని చట్టానికి విరుద్ధం కాదు. కానీ ఆ పనికి పేరు లేదు, ఫీజు లేదు, రేపు పగులు వస్తే జవాబు చెప్పే మనిషీ లేడు.

ఈ తూర్పు వైపు ఇళ్ల తీరు కూడా శాతానికి లొంగేది కాదు. గడ్డిఅన్నారం, కొత్తపేట, సరూర్‌నగర్ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాక నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన చిన్న ఉద్యోగులు వందా రెండొందల గజాలు కొనుక్కున్నారు. ముందు కింద రెండు గదులు. పిల్లర్ల మీద సలాకలు అలాగే వదిలేసేవాళ్లు, ఎప్పటికైనా పైకి లేపుదామని. పీఎఫ్ లోను వచ్చినప్పుడు ఒక స్లాబ్, కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు ఇంకోటి. కోచింగ్ సెంటర్లు పెరిగాక ఆ పై గదులే హాస్టళ్లయ్యాయి. పాతికేళ్లపాటు వాయిదాల్లో లేచిన ఇంటికి మొత్తం ఖర్చు ఎంతో కట్టినవాళ్లకే తెలియదు. అలాంటప్పుడు శాతం దేనిమీద? కాంట్రాక్టర్ 'చదరపు అడుగుకి ఇంత' అంటే మాత్రం అర్థమవుతుంది. డిజైన్ కూడా అందులోనే కలిసిపోయింది.

ప్రభుత్వం కూడా సంతకానికే విలువ కట్టింది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. ఆ డిసెంబర్ 31నే జీవో 901 వచ్చింది, అనుమతి లేకుండా కట్టినవాటికి జరిమానా వేసి సరిచేసే పథకం. 2015లో అలాంటిదే మరొకటి వచ్చి హైకోర్టులో చిక్కుకుంది. లేచి నిలబడ్డ ఇంటికి అప్పుడు ప్లాన్ గీయించుకున్నారు. మొదట మిగిల్చిన ఫీజు జరిమానాగా తిరిగొచ్చింది, ఇంటికి మాత్రం కొత్త కిటికీ రాలేదు. 2020 టీఎస్ బీపాస్ చట్టం ఇంకో అడుగు వేసింది. 75 గజాల లోపు స్థలంలో కింద, పైన ఒక అంతస్తు అయితే అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది మంచిదే. కానీ పాత పిల్లర్ కొత్త స్లాబ్‌ని మోస్తుందా అన్నది ఆ రూపాయిలో లేదు. లోపలి గదిలో చదువుకునే పిల్లకి పగలు కూడా ట్యూబ్‌లైట్ ఎందుకు వేసుకోవాలన్నదీ లేదు.

అందుకే ఫీజు ఎంత శాతం అన్న బేరమే ఇక్కడ తప్పు దారి పట్టిస్తుందంటాను. చిన్న పనికి కావాల్సింది డాక్టర్ ఫీజు లాంటిది. స్లాబ్ వేయకముందు స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒకసారి, ఆర్కిటెక్ట్ రెండుసార్లు రావాలి. వచ్చినదానికి ఇంత అని ముందే చెప్పాలి. పిల్లర్లు చూసి 'మోస్తుంది' అనో 'మోయదు' అనో కాగితం మీద రాసివ్వాలి. మెట్లూ కిటికీలూ మేస్త్రీతో పాటు కూర్చుని గీయాలి, ఆ గల్లీలో గాలి ఎటు నుంచి వస్తుందో ఆయనకి ఎక్కువ తెలుసు కాబట్టి. ఇలా పనిచేసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. మునిసిపాలిటీ తన లైసెన్సున్నవాళ్ల జాబితా పక్కన ఇలా వచ్చి చూసేదానికి ఎంతో కూడా రాసి పెడితే, పై పోర్షన్ వేసుకునేవాళ్లు ఫోన్ చేయడానికి జంకరు.