రాతి పంచాంగము

మకర సంక్రాంతి జనవరి 14వ తేదీ ప్రాంతమున వచ్చుట అందరికిని తెలిసినదే. ఆనాడు ఉత్తరాయణము ప్రవేశించునని పెద్దలు చెప్పుదురు. కాని ఆకాశమున సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21 లేక 22వ తేదీననే జరిగిపోవుచున్నది. ఈ మూడు వారముల తేడా పంచాంగకర్తల పొరపాటు కాదు. భూమి యొక్క అక్షము, వేగము తగ్గిన బొంగరమువలె, మెల్లమెల్లగా దిశ మార్చుకొనుచున్నది. ఒక్క డిగ్రీ జరుగుటకు సుమారు 72 సంవత్సరములు, ఒక చుట్టు ముగియుటకు సుమారు 26 వేల సంవత్సరములు పట్టును. దీనినే మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు అయన చలనమనిరి.

మేము రేడియోలో సెకనుల లెక్కతో బ్రదుకువారము. పదిహేను నిమిషముల ప్రసంగము పదహారవ నిమిషములోనికి పోయినచో సంజాయిషీ చెప్పుకొనవలసినవారము. అట్టి మాకు 26 వేల సంవత్సరముల కొకసారి తిరుగు ముల్లు గల గడియారమును ఊహించుటయే కష్టము. అయితే ఆ ముల్లు తిరిగిన గుర్తులు రాళ్ళలో మిగిలియున్నవని, వానిని లెక్కింపవచ్చునని ఒకరు చెప్పి నూటపాతికయేండ్లు దాటినది.

కథకు ముందు కొంత ఖగోళము చెప్పుకొనవలెను. భూమి సూర్యుని చుట్టు తిరుగు దారి సరియైన వలయము కాదు. కొంచెము కోలగా నుండును. నేడు జనవరి మొదటి వారమున మనము సూర్యునికి మిక్కిలి సమీపమున నుందుము. ఈ సమీపస్థానము అయన చలనమునకు ఎదురుగా జరుగుచున్నందున, ఋతువులకును దానికిని గల సంబంధము సగటున 21 వేల సంవత్సరముల కొకసారి మొదటికి వచ్చును. సుమారు 11 వేల యేండ్ల క్రితము మనకు వేసవియైనప్పుడే భూమి సూర్యునికి దగ్గరగా నుండెను. ఆ కాలపు ఋతుపవనములు నేటికంటె బలమైనవి. ఇది గాక అక్షపు వాలు 41 వేల సంవత్సరముల కాలములో 22 డిగ్రీల నుండి ఇరువదినాలుగున్నర డిగ్రీల వరకు హెచ్చుతగ్గులగును. దారి యొక్క కోలతనము సుమారు ఒక లక్ష, నాలుగు లక్షల సంవత్సరముల ఆవృత్తులతో మారుచుండును.

ఈ లెక్కలను శీతోష్ణస్థితికి గట్టిగా ముడిపెట్టినవాడు స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ క్రోల్. పుట్టినది 1821లో. కళాశాల చదువు లేదు. మరమ్మతు పనివాడుగా, టీ దుకాణదారుడుగా, హోటలు యజమానిగా, భీమా ఏజెంటుగా ఒకదాని వెనుక ఒకటి ప్రయత్నించి, తుదకు 1859లో గ్లాస్గోలోని ఆండర్సన్ కళాశాలలో నౌకరుగా కుదిరెను. జీతము స్వల్పము; కాని గ్రంథాలయము అందుబాటులో నుండెను. 1864లో ఆయన ప్రకటించిన వ్యాసము పండితులను తలయెత్తి చూచునట్లు చేసినది. మంచుయుగములకు కారణము భూకక్ష్యలోని మార్పులేనని ఆయన వాదము. అయితే ఆయన లెక్క ప్రకారము కడపటి మంచుయుగము 80 వేల సంవత్సరముల క్రితమే ముగియవలెను. భూమిపై కనబడిన సాక్ష్యము అంత పాతదిగా లేదు. క్రోల్ 1890లో మరణించునప్పటికి ఆయన సిద్ధాంతముపై విశ్వాసము సడలుచుండెను.

సరిగా అట్టి సమయమున అమెరికాలో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ సిద్ధాంతములోని ఖగోళమును మంచుయుగముల తగవునుండి వేరుచేసి, మరియొక పనికి వినియోగించెను. ప్రభుత్వ భూగర్భ సర్వే ఉద్యోగిగా కొలరాడోలో ఆర్కన్సాస్ నదీలోయ యందు ఆయన భూగర్భజలములను పరిశీలించుచుండెను. వెదకినవి నీళ్ళు, కంటబడినవి రాతిపొరలు. ఒక సున్నపురాతి పొర, దానిపై బంకమట్టి రాతి పొర, మరల సున్నపురాయి, మరల మట్టిరాయి. ఈ వరుస మార్పు లేకుండ మీదికి సాగినది. ఇవన్నియు క్రెటేషియస్ యుగమున ఆ ప్రాంతము నావరించియున్న సముద్రపు అడుగున పేరుకొన్నవి. వానలు హెచ్చి నదులు మట్టిని తెచ్చినపుడు ఒక పొర, మట్టి తగ్గి సూక్ష్మజీవుల సున్నపు పెంకులు మిగిలినపుడు మరియొక పొర ఏర్పడునని నేడు చాలమంది చెప్పు వివరణ.

ఇంత సమముగా మారుటకు కారణమేమి? ఏడాది మార్పు చాలదు. ఒక జత పొరలు పేరుకొనుటకు ఏడాది కాదు, వేలయేండ్లు పట్టును. అంత నిడివి గల సమమైన లయ ఖగోళములోనే కలదని గిల్బర్ట్ తలచి, ఒక్కొక్క జతకు 21 వేల సంవత్సరములు వేసి, ఆ రాళ్ళ మొత్తమునకు సుమారు రెండు కోట్ల సంవత్సరములు పట్టియుండునని 1895లో ప్రకటించెను.

ఇది ఎంతటి మాటయో నేడు మనకు వెంటనే తోచదు. ఆనాడు భౌతికశాస్త్రమున లార్డ్ కెల్విన్ మాటకు తిరుగులేదు. భూమి చల్లారిన తీరునుబట్టి భూమి వయస్సే రెండు కోట్లకు, నాలుగు కోట్లకు నడుమ నుండునని ఆయన 1897లో చెప్పెను. గిల్బర్ట్ లెక్కలో ఒక యుగమునందలి కొంత భాగమునకే రెండు కోట్లు చెల్లిపోయినవి! రేడియోధార్మికత కనుగొనబడినది మరుసటి సంవత్సరము, 1896లో. దానితో రాళ్ళ వయస్సు కొలుచు విధానము తరువాత వచ్చి, కెల్విన్ లెక్కను కొట్టివేసినది. గిల్బర్ట్ లెక్క మాత్రము నేటి కొలతలకు మిక్కిలి దూరముగా లేదు. పరీక్షించు సాధనము చేతిలో లేకుండ ఆయన ఊహించెను. ఆ ఊహను ఊహగానే చెప్పెను. మాకు ఆయనయందు గల గౌరవము ఇందువలననే హెచ్చు.

ఖగోళ గణితమును సంపూర్ణము చేసినవాడు సెర్బియా దేశపు మిలుటిన్ మిలంకోవిచ్. వియన్నాలో కాంక్రీటు కట్టడముల ఇంజనీరు పని విడిచి 1909లో బెల్గ్రేడ్ విశ్వవిద్యాలయమున చేరెను. 1914లో నూతన వధువుతో స్వగ్రామమునకు పోగా ప్రపంచయుద్ధము వచ్చిపడి, ఆస్ట్రియా ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది. కొట్టులో కూర్చుండి లెక్కల కాగితములు తీసెనట. తరువాత బుడాపెస్ట్‌లో నుండ ననుమతింపగా, అచటి గ్రంథాలయమున యుద్ధకాలము గడిపెను. ఆయన మహాగ్రంథము ముద్రణలో నుండగా 1941 ఏప్రిల్‌లో బెల్గ్రేడ్‌పై బాంబులు పడి ముద్రణాలయము ధ్వంసమైనది. కడపటి ఫారములు మరల అచ్చువేయవలసి వచ్చినది. 1958లో ఆయన మరణించునాటికి నమ్మినవారు కొందరు, నమ్మనివారు పెక్కురు.

తీర్పు మన సముద్రమునుండి వచ్చినది. దక్షిణ హిందూమహాసముద్రపు అడుగునుండి తీసిన రెండు బురద స్తంభములను హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను మువ్వురు పరిశీలించి, నాలుగున్నర లక్షల సంవత్సరముల చరిత్రలో 23 వేలు, 42 వేలు, ఒక లక్ష సంవత్సరముల ఆవృత్తులు కలవని 1976లో చూపిరి.

మరి అతిప్రాచీన శిలల సంగతి? న్యూజెర్సీ ప్రాంతమున ట్రయాసిక్ యుగపు సరస్సుల రాళ్ళు కలవు. సరస్సు నిండినప్పటి నల్లపొరలలో చేపల శిలాజములు, ఎండినప్పటి ఎఱ్ఱపొరలలో బురద నెఱ్ఱెలు, జంతువుల అడుగుజాడలు కనబడును. 1946లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పునాదులు త్రవ్వగా సీలకాంత్ చేపల శిలాజములు వందలకొలది బయటపడినవి. పుస్తకములకు చోటు చేయబోయి అంతకంటె పాత పుస్తకమును విప్పినారన్నమాట. ఆ విశ్వవిద్యాలయపు వాన్ హౌటెన్ 1960 ప్రాంతమున ఈ పొరలలో 21 వేల సంవత్సరముల లయను గుర్తించెను. 1990 మొదలు 1993 వరకు పాల్ ఓల్సెన్, డెన్నిస్ కెంట్ మున్నగువారు ఏడు చోట్ల భూమిని తొలిచి, 6,700 మీటర్లకు పైగా రాతికడ్డీలు వెలికితీసిరి.

ఇందొక చిక్కు కలదు. పొరలు వరుసగా నున్నంత మాత్రమున అది ఖగోళ లయయే యని చెప్పరాదు. వరదలు, భూకంపములు కూడ పొరలు పేర్చగలవు. వేరొక గడియారముతో సరిచూడవలెను. న్యూజెర్సీ రాళ్ళలో వయస్సు తేల్చు అగ్నిపర్వత భస్మము అరుదు. అరిజోనాలో శిలీభూత వృక్షములు గల ప్రదేశమున అది సమృద్ధిగా నున్నది. 2013లో అక్కడ తొలిచి, భస్మమునందలి జిర్కాన్ స్ఫటికముల వయస్సు కట్టి, భూమి అయస్కాంత ధ్రువములు తారుమారైన గుర్తులను బట్టి రెండు చోట్ల రాళ్ళను జతపరచిరి. 2018లో ప్రకటించిన ఫలితము ప్రకారము, శుక్ర, గురు గ్రహముల ఆకర్షణచే కలుగు 4 లక్షల 5 వేల సంవత్సరముల ఆవృత్తి 21 కోట్ల 50 లక్షల యేండ్లనుండి చెదరక నడచుచున్నది.

అయన చలనము మాత్రము అట్లు స్థిరమైనది కాదు. చంద్రుడు దగ్గరగా నున్న కాలమున అది వేగముగా సాగెను. చైనాలోని 140 కోట్ల యేండ్ల నాటి రాతిపొరలలో ఆ వేగమును కొలిచి, అప్పటి అహోరాత్రము 19 గంటలకు లోపేనని అదే 2018లో మరి యిద్దరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.